పైడమ్మ సవరణ

ఒకటో రోజు

ముక్కు సాక్షి, మూడో గ్రేడు, చక్రధర్ అనే నేను ఈ ఉదయం ఏడు గంటలకు కళింగరేవు నగరం ఉప్పుటేరు వార్డులోని తొమ్మిదో నంబరు గాలి స్టేషన్ దగ్గర బాధ్యతలు స్వీకరించాను. స్వీకరించడమంటే స్టేషన్ పక్కన మడతమంచం వేసుకుని కూర్చోవడం. స్వాగత సభ జరగలేదు. ఒక కోడి వచ్చి, ఎగాదిగా చూసి, తన పని మీద తాను వెళ్ళిపోయింది.

నేనిక్కడ మండలం రోజులుండాలి. నలభై రోజులు గాలి పీల్చి, ఆఖరున ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. చట్టం అలా ఉంది. నా చిన్నప్పుడు ఒక స్టేషన్ పదకొండేళ్ళపాటు గోదాములో, అట్టపెట్టెలోనే ఉండి, ‘గాలి అద్భుతం’ అని రోజూ లెక్క పంపిందట. అది బయటపడ్డాక, మనిషి ముక్కు పెట్టి చూడకుండా ఏ లెక్కా చెల్లదని తీర్మానించారు. ఆ అట్టపెట్టె పుణ్యమా అని నాకు ఉద్యోగం వచ్చింది.

లెక్క నాది కాదు, సగటుది. సగటు మా శాఖ గణక యంత్రం. నా చెవిలో పెట్టిన గుండీలోంచి మాట్లాడుతుంది. దాని గొంతులో సందేహం ఇంతవరకు ఎవరూ వినలేదు.

“తొమ్మిదో స్టేషన్. ముప్పై ఒక్క సంవత్సరాల ధోరణి. దుమ్ము అంకె నూట పద్దెనిమిది నుండి అరవై మూడుకు దిగినది. ఏటా రెండు శాతం తగ్గుదల. సాక్షి ధ్రువీకరించవలెను” అంది.

ధ్రువీకరిస్తే జరిగేది ఇది. ఈ వీధి చివర అద్దాల గాలి మేడ ఉంది. నాలుగంతస్తుల నిండా వడకట్టిన గాలి. వార్డు జనం వంతులవారీగా చాపలు పట్టుకెళ్ళి, రోజుకు రెండు గంటలు లోపల కూర్చుని, ఊపిరితిత్తులు ఆరబెట్టుకుని వస్తారు. గాలిలో మేడలు కడుతున్నాడంటే ఒకప్పుడు పనికిమాలినవాడని అర్థమట. ఇప్పుడది పురపాలక పథకం. వార్డులు నూట నలభై, మేడలు అరవై. అందుకని గాలి బాగుపడిన వార్డులో మేడను విప్పి, బాగుపడని వార్డుకు తరలిస్తారు. ఉప్పుటేరు బాగుపడింది కాబట్టి దీని మేడ రాతిపాలేనికి పోతుంది. కాగితం మీద ఇంతకంటే న్యాయం ఉండదు.

స్టేషన్ అంటే నడుమెత్తు ఇనుప పెట్టె. పైన గొట్టం, గొట్టానికి ఎప్పుడూ తెరిచే ఉండే నోరు. అది ఉన్నది పైడమ్మ వాకిట్లో. పైడమ్మ ఇరవై తొమ్మిదేళ్ళుగా దీని కాపలాదారు. ఈ ఉద్యోగానికి ఈ ఇల్లు. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది.

“ఏటి బాబూ, మిషను పక్కన కూకున్నందుకు గవర్నమెంటు జీతమిస్తాదేటి?” అని అడిగింది టీ గ్లాసు అందిస్తూ.

“ఇస్తుంది మామ్మా.”

“పీల్చినందుకా?”

“పీల్చినందుకూ, వదిలినందుకూ కలిపి.”

“మా ఆయన జీవితమంతా ఊరికే పీల్చీసి పోనాడు” అంది, ఖాళీ గ్లాసు తీసుకుంటూ.

మూడో రోజు

నియమావళి ప్రకారం ఈ పుస్తకంలో సాక్షి తన అభిప్రాయాలు రాయకూడదు, వాసనలు మాత్రమే రాయాలి. వాసనలు: తడి మట్టి, ఎండు చేప, పైడమ్మ ఇంగువ పోపు. అభిప్రాయం: పోపు బాగుంది.

ఈ వీధి ప్రాణమంతా అంకె పలకలో ఉంది. యంత్రం కొలిచిన అంకె గోడ మీద పలకలో పెద్దగా వెలుగుతుంది. పచ్చరంగైతే తలుపులు తెరుచుకుంటాయి, ముసలివాళ్ళు అరుగులెక్కుతారు. ఎర్రబడితే అందరూ లోపలే. ఎదురింటి నూకరత్నం తన ఏడు నెలల పాపను ఎత్తుకుని గుమ్మంలోనే ఆగి, పలక చూసి, అప్పుడు అడుగు బయటపెడుతుంది. ఎండ ఉందా, వాన ఉందా అని ఆకాశం వంక చూసినవాణ్ణి ఈ మూడు రోజుల్లో చూడలేదు.

సాయంత్రం వీధి మలుపు దాకా నడిచాను. మలుపు దాటగానే గొంతులో ఇసుక పడింది. ఊరి పడమట బూడిద దిబ్బలున్నాయి. మనం బొగ్గు కాల్చడం మానేసి నలభై ఏళ్ళయింది, బొగ్గు మాత్రం మనల్ని మానలేదు. గాలి లేస్తే ఆ బూడిదే లేచి వస్తుంది. జేబు మీటరు తీసి చూస్తే అక్కడ నూట తొమ్మిది. వెనక్కి వచ్చి పైడమ్మ వాకిట్లో చూస్తే అరవై నాలుగు. మధ్య దూరం రెండు వందల అడుగులు.

“జేబు మీటరు ధ్రువీకృత పరికరం కాదు” అంది సగటు.

“మరి నా ముక్కు?”

“ముక్కు ధ్రువీకృతమే. కానీ ముక్కుకు దశాంశాలు లేవు.”

ఎనిమిదో రోజు, శుక్రవారం

ఒక చారిత్రక రహస్యం ఛేదించాను. తొమ్మిదో స్టేషన్ అంకె ప్రతి శుక్రవారం ఉదయం పావుగంటపాటు నాలుగు వందలకు ఎగిరి దిగుతుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. దీన్ని సగటు ‘వారాంతపు పారిశ్రామిక ఘటన’గా గుర్తించి తీసేస్తోంది. ఈ ఘటనకు బాధ్యులంటూ దగ్గర్లోని ఒక ఇటుక బట్టీకి మా శాఖ పదహారు సంజాయిషీ నోటీసులు పంపింది. పదహారింటికీ బట్టీవాళ్ళు ‘మాకు శుక్రవారం సెలవు’ అనే జవాబిచ్చారు. మేం నమ్మలేదు.

ఈ ఉదయం పైడమ్మ తలంటుకుని, ధూపం గిన్నెతో వచ్చి, యంత్రం నోటి దగ్గర మూడుసార్లు తిప్పి, సాంబ్రాణి వేసింది. పెట్టెకు బొట్టు కూడా పెట్టింది.

“ఎందుకు మామ్మా దీనికి సాంబ్రాణి?”

“రోజంతా మన దుమ్ము మింగుతాది గదా, పాపం. వారానికోపాలి దానికీ మంచి వాసన సూపించొద్దేటి?”

పారిశ్రామిక ఘటన అరెస్టు చేయదగిన స్థితిలో కనిపించలేదు. ప్రసాదం తీసుకుని వచ్చి కూర్చున్నాను.

పన్నెండో రోజు

ఈ రోజు కుళాయి రాలేదు. అంతకుమించి ఏమీ జరగలేదు, కానీ ఇప్పుడు ఈ పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్ళీ చదువుతున్నాను.

పదకొండు రోజులుగా తెల్లారేసరికి నా మంచం కాళ్ళు తడుస్తున్నాయి. పదకొండు రోజులుగా నేను చెప్పులు మంచం మీద పెట్టుకుంటున్నాను. నాకు తట్టలేదు. వాకిట్లో కళ్ళాపి చల్లడం మనకు సూర్యుడు పొడవడం లాంటిది, ఎవరు గమనిస్తారు? ఆవులు పోయి అరవై ఏళ్ళయినా పేడరంగు పొడి పాకెట్లలో దొరుకుతోందంటే మన దీక్ష అలాంటిది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదాన్ని చూడటానికి ఎమ్మెస్సీ చాలదు.

నీళ్ళు లేవు కాబట్టి ఈ రోజు కళ్ళాపి లేదు. పది గంటలకు పలక ఎర్రబడింది. నూకరత్నం పాపను లోపలికి తీసుకెళ్ళి తలుపేసుకుంది. అరుగులు ఖాళీ అయ్యాయి. పైడమ్మ ఖాళీ బకెట్టుతో కుళాయి దగ్గరే నిలబడింది, పరీక్ష హాలు బయట తల్లిలాగ.

పన్నెండుకు నీళ్ళొచ్చాయి. పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళు బకెట్లతో బయటికొచ్చారు. మిషను చుట్టూ, వాకిలంతా, మలుపు దాకా వీధి మొత్తం చల్లారు. ఇరవై నాలుగు బకెట్లు, లెక్కపెట్టాను. నా కళ్ళ ముందే అంకె నూట ఆరు, తొంభై, డెబ్బై నాలుగు, అరవై ఐదు. పన్నెండున్నరకు పలక పచ్చబడింది. తలుపులు తెరుచుకున్నాయి.

“సూసినావా ముక్కుబాబూ, గాలి బాగుపడింది” అంది పైడమ్మ, నడుం పట్టుకుని నవ్వుతూ.

“ఎప్పట్నుంచి ఇలా చల్లుతున్నారు?”

“మొదట్లో వాకిలి మట్టుకే, ఒక సెంబుడు. ఓ రోజు పలక ఎర్రగుంటే ఇంకో సెంబు జల్లినాను. అంకె దిగింది. అప్పుడు తెలిసింది. నీల్లు జల్లితే అంకె తగ్గుతాది. అంకె తగ్గితే గాలి బాగున్నట్టే గదా. మరి జల్లకుండా ఎలగుంటాం?”

అంకె తగ్గితే గాలి బాగుపడినట్టే. ఇందులో తప్పు పట్టుకుందామని చాలాసేపు చూశాను. మా శాఖ గోడ మీద కూడా ఇదే రాసి ఉంటుంది, ఇంకొంచెం సంస్కృతంలో. యంత్రం అబద్ధమాడలేదు. ఈ వాకిట్లో గాలి నిజంగానే బాగుంది. ఈ ఒక్క వాకిలినే ముప్పై ఏళ్ళుగా వార్డులోని అరవై వేలమంది గాలి అనుకుంటున్నాం, అంతే.

పద్నాలుగో రోజు

రాతిపాలెం మేడ సాధన సంఘం కార్యదర్శి గవర్రాజు గారు జీడిపప్పు అచ్చులతో విచ్చేశారు. నలభై ఏళ్ళ మనిషి, మాట మధ్యలో దగ్గు వస్తే ‘ఒక్క నిమిషం’ అని చెయ్యెత్తి, దగ్గి, మళ్ళీ అక్కడి నుంచే అందుకుంటారు.

“సంతకం ఎప్పుడండి?”

“నలభయ్యో రోజున.”

“ముందే పెట్టీస్తే ముక్కేమీ అరిగిపోదు గదండి.”

“చట్టం, గవర్రాజు గారూ.”

“మా నాన్న రోజూ అడుగుతున్నాడండి, మేడ ఎందాకా వచ్చిందిరా అని. లేవలేడు, మంచంలోంచే అడుగుతాడు. బండెక్కిందని చెప్పీసినాను. ఇప్పుడు ఏ వార్డు దాటిందని అడుగుతున్నాడు.” చెయ్యెత్తి, దగ్గి, చెయ్యి దించారు. “మీరే చెప్పండి, ఏ వార్డు దాటించీమంటారు?”

నేను జీడిపప్పు అచ్చు నోట్లో పెట్టుకున్నాను. నోట్లో ఏదైనా ఉంటే జవాబు చెప్పనక్కర్లేదు.

పదిహేనో రోజు

మా ధోరణుల విభాగం అధికారి హైమవతి గారికి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. ఆవిడ ఏ విషయాన్నైనా కూరగాయల బేరంలాగే వింటారు.

“అంటే తగ్గుదల గాలిది కాదు, నీళ్ళదంటావు.”

“అవును మేడమ్.”

“అనుమానం ఉంటే సరిపోదు చక్రీ. అనుమానానికి గడి లేదు, సవరణకు ఉంది. ముప్పై ఏళ్ళలో ఏ ఏడు ఎన్ని నీళ్ళు పడ్డాయో, ఎన్ని నీళ్ళకు ఎంత అంకె దిగుతుందో తెచ్చి చూపించు. అప్పుడు అసలు ధోరణి తేలుతుంది.”

“తేలకపోతే?”

“సగటు చెప్పిందే నిజం. మేడ వెళ్ళిపోతుంది. ఇంకోటి, సవరణ ఫారంలో ఏడో గడి చూశావా?”

చూశాను. ‘పరికరపు అంకెను ప్రభావితం చేసిన వ్యక్తి పేరు, హోదా.’ అది ఖాళీగా ఉంటే సవరణ చెల్లదు. నింపితే ఆ వ్యక్తి మీద పరికర ద్రోహం కేసు. కాపలాదారైతే మరీ తేలిక, ఉద్యోగమూ ఇల్లూ ఆ వారంలోనే.

నోరు మూసుకుంటే ఉప్పుటేరు మేడ పోతుంది. తెరిస్తే పైడమ్మ ఇల్లు పోతుంది, గవర్రాజు నాన్నగారికి మేడ రాదు. ఇలాంటి ప్రశ్నకు మా పరీక్ష పేపర్‌లో ‘పై వాటిలో ఏదీ కాదు’ అని నాలుగో జవాబు ఉండేది.

పదిహేడో రోజు

పైడమ్మకు చెప్పాను. బియ్యం ఏరుతూ వింది. ఏడో గడి సంగతి మాత్రం చెప్పలేదు. ధైర్యం పరీక్షలో నాకొచ్చింది సెకండ్ క్లాసే.

చాలాసేపు చేట కదల్లేదు.

“అయితే నాను జల్లిన నీల్లే మేడని కొట్టుకుపోతన్నాయన్నమాట.”

“మీ తప్పు కాదు మామ్మా.”

“తప్పని నానన్నానేటి? అర్థం సేసుకుంటన్నాను, ఉండు.” మళ్ళీ చేట ఆడించింది. “జల్లకుండా ఉంటే అంకె ఎంతుంటాదో సూడాల. అంతేనా?”

“కొన్ని రోజులు అసలు వద్దు. తర్వాత ఒక బకెట్టు, తర్వాత అయిదు, అలా పెంచుతూ.”

“ఇరవై తొమ్మిదేల్లు మానలేదు బాబూ. మా ఆయన పోయినప్పుడు మైలని పదకొండ్రోజులు మట్టుకే మానినాను.”

పంతొమ్మిదో రోజు

తెల్లారింది. వాకిలి పొడిగా ఉంది, ముగ్గు లేదు. శాస్త్రీయ ప్రయోగం మొదలయిందని నేను పుస్తకంలో గంభీరంగా గీత గీశాను.

ఎనిమిదింటికి మొదటి పరామర్శ వచ్చింది. పక్కవీధి ముసలాయన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, చెప్పులు దూరంగా విడిచి, నా పక్కన నేలమీద కూర్చున్నాడు.

“ఎప్పుడు పోయింది?”

“ఎవరు?”

“పైడమ్మ.”

“లోపల దోసెలు పోస్తోంది.”

ఆయన కాసేపు ఆలోచించాడు. “మరైతే ఎవరు పోనారు?”

వాకిలి అలికి ముగ్గు పెట్టని ఇల్లు చావు ఇల్లే, ఇంకో అర్థం లేదు. పదిగంటలకల్లా పద్నాలుగు మంది వచ్చారు. ఒకావిడ ఏడుపు సగం దాకా లంకించుకున్నాక పైడమ్మ గరిటెతో బయటికొచ్చింది. “ఓలమ్మ, నా సావుకి నానే కాఫీ పెట్టాలేటే!” అంది. ఏడుపు ఆగింది, కాఫీ తాగి వెళ్ళారు.

మధ్యాహ్నం అంకె నూట పదమూడు.

ఇరవై నాలుగో రోజు

ఆరు రోజులుగా పలక ఎర్రగానే ఉంది. అరుగుల మీద ఎవరూ లేరు. మూసిన తలుపుల వెనక నుంచి టీవీ శబ్దాలు, దగ్గులు. ఇప్పటిదాకా ఈ వీధి దగ్గు నాకు వినపడలేదు. తలుపులు తీసి ఉన్నప్పుడు కూడా దగ్గేవాళ్ళేమో, కబుర్లలో కలిసిపోయేది.

నూకరత్నం కిటికీలోంచి అరిచింది. “అత్తా, మీ పరీక్షలు మీకు బాగానే ఉన్నాయి గాని, నా గుంట ఆరు రోజులనుంచి నాలుగు గోడల మధ్య ఏడుస్తంది. రెండు బకెట్లు జల్లితే నీదేం పోతాది?”

పైడమ్మ లేచింది. కుళాయి తిప్పింది. బకెట్టు నిండింది. ఎత్తుకుని వాకిట్లోకి వచ్చి నిలబడింది. నేను ఆపుదామని లేచి, మళ్ళీ కూర్చున్నాను. ఆపే అర్హత నాకుందని అనిపించలేదు.

ఆవిడ పలక వంక చూసింది. వీధి మలుపు వంక చూసింది. మలుపు అవతల ఆవిడెప్పుడూ చల్లని వీధులున్నాయి. అక్కడా కిటికీల వెనక పిల్లలుంటారు, వాళ్ళకు పలక కూడా లేదు.

“రత్నా” అంది చివరికి, “నాను జల్లితే పలక పచ్చగవుతాది. నీ గుంట ముక్కులోకి ఎల్లేది మట్టుకు ఈ వాకిట్లోది ఒక్కటే కాదే.”

బకెట్టు నీళ్ళు తీసుకెళ్ళి కోడి తొట్టిలో పోసింది.

ముప్పయ్యో రోజు

ప్రయోగశాల సమాచారం. ఒక బకెట్టు: నూట మూడు. అయిదు: తొంభై ఒకటి. పన్నెండు: డెబ్బై ఏడు. ఇరవై నాలుగు: అరవై నాలుగు. ఇరవై ఏడో రోజున వాన పడింది. దేవుడి కళ్ళాపి లెక్కలోకి రాదు, ఆ రోజు కొట్టేశాను.

రెండో సగం పైడమ్మ జ్ఞాపకం. ఏ ఏడు ఎన్ని బకెట్లు? సంవత్సరాలు ఆవిడకు అంకెలుగా తెలియవు, సంఘటనలుగా తెలుసు.

“పెద్ద తుఫానేడు వాకిట్లోకి కుళాయొచ్చింది. అప్పట్నుంచి నాలుగు.”

“తర్వాత?”

“కోడలొచ్చిన్నాడు ఎనిమిది. కోడలు మొగుణ్ణి తీసుకుని ఏరుపడిపోనాది, మల్లీ నాలుగు. మోకాలు ఆపరేసనేడు రెండే. అప్పుడే అంకె ఓపాలి పెరగలేదూ?”

చూశాను. పెరిగింది. పద్నాలుగో ఏడాది దగ్గర గీతలో ఒక గూను ఉంది. సగటు దాన్ని ‘అసాధారణ వాతావరణ పరిస్థితి’ అని రాసుకుంది. అది పైడమ్మ మోకాలు.

అలా, వీధి ఆడవాళ్ళంతా చెయ్యేసి ఇరవై నాలుగుకు చేరేదాకా, ఒక్కో ఏడూ పట్టుకుని, ఆవిడ చెప్పిన బకెట్లకు సరిపడా అంకె తిరిగి కలిపాను. కోడళ్ళు, తుఫాన్లు, మోకాళ్ళు తీసేశాక ముప్పై ఒక్క ఏళ్ళ గీత మిగిలింది. పైడమ్మ రాకముందు ఈ వాకిట్లో ఎవరూ లేని మొదటి రెండేళ్ళూ నూట పద్దెనిమిది, నూట పదహారు. ఇప్పుడు, నీళ్ళు లేకుండా, నూట పన్నెండు. తప్పొప్పులు అటూ ఇటూ తొమ్మిది. అంటే తగ్గిందని చెప్పడానికి వీల్లేదు. గీత చాప పరిచినట్టు పడుకుని ఉంది.

కొండంత తగ్గుదల చూశామని ముప్పై ఏళ్ళు సంబరపడ్డాం. గాలి ఉన్నచోటే ఉంది. కదిలింది ఒక ముసలమ్మ చెయ్యి.

ముప్పై రెండో రోజు

ఏడో గడి సంగతి ఇక దాచలేక చెప్పాను. పేరు రాయకుండా దాటే దారులు మూడు ఆలోచించానని కూడా చెప్పాను. ‘గుర్తు తెలియని మహిళ’ వాటిలో ఉత్తమమైనది.

“ఎవరికి గుర్తు తెల్దు?” అంది పైడమ్మ. “ఇరవై తొమ్మిదేల్లు దీని మూతి తుడిసినాను. ఒక్క కాయితం మీదైనా నా పేరుందేటి?”

“లేదు మామ్మా. కాపలాదారు అనే ఉంటుంది.”

“అయితే రాసీ. సక్కగా రాయి, వత్తుతో సహా.”

“ఇల్లు పోతుంది.”

“రాయకపోతే వార్డు మొత్తానికి మేడ పోతాది గదా. ఏదో ఒకటి పోక తప్పదు, ఇల్లే పోనీ. రాయి.”

రాద్దామని కూర్చుంటే ఒక సంగతి తోచింది. డిగ్రీ మూడేళ్ళూ నేను ఎవరెవరివో పేర్లున్న సవరణలు, సూత్రాలు బట్టీ పట్టాను. లోపం ఎక్కడుందో చూపించి, దాన్ని కొలవడానికి కావలసింది ఇచ్చినవాళ్ళ పేరే దానికి పెడతారు. ఇక్కడ ఆ పని చేసింది ఎవరు? నేను కూడికలు చేశాను, అంతే.

పేరు: పైడమ్మ. హోదా: సవరణ రూపకర్త.

“జోక్యం చేసుకున్నది ఎవరు?” అని అడిగింది సగటు.

“పైడమ్మ.”

“జోక్యాన్ని కొలిచింది ఎవరు?”

“పైడమ్మే.”

“ఒకే వ్యక్తి నేరస్తురాలు, శాస్త్రవేత్త కావడానికి గడి లేదు.”

“హోదా గడిలో ఏముందో అదే తీసుకో.”

సగటు నాలుగు సెకన్లు మౌనంగా ఉంది. దాని జీవితంలో అది చాలా పెద్ద సందేహం. “హోదా నమోదైనది” అంది.

ముప్పై ఆరో రోజు

హైమవతి గారే ఫోన్ చేశారు. మొదటిసారి గొంతులో బేరం లేదు.

“పైడమ్మ సవరణను సగటు అన్ని స్టేషన్లకూ పెట్టి చూసింది. తెల్లారి అంకె పడిపోయి, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పడటం పెరిగే స్టేషన్లు ఇంకా ఉన్నాయి.”

“ఎన్ని?”

“ముప్పై ఎనిమిది.”

ముప్పై ఎనిమిది పైడమ్మలు. ఒకరికొకరు తెలియకుండా, ఎవరి వాకిట్లో వాళ్ళు, తెల్లారగట్ల లేచి, నగరం గాలిని బాగుచేస్తున్నారు. బాగుపడ్డాయని ఈ ఏడు జాబితాలో చేరిన వార్డులు ముప్పై తొమ్మిది. ఉప్పుటేరుతో కలిపి అన్నీ ఇవే.

“ముప్పై ఏళ్ళ ప్రగతి నివేదిక అచ్చులో ఉంది” అన్నారావిడ. “ఆపించాను. నన్ను పైకి పిలిచారు. వెళ్తున్నాను.” ఫోన్ పెట్టేసేముందు, “హోదా ‘సవరణ రూపకర్త’ అని నమోదైంది కాబట్టి పైడమ్మకు శిక్ష లేదు, ఇల్లు ఉంటుంది. యంత్రాన్ని మాత్రం నీళ్ళు అందని స్తంభం మీదికి మారుస్తారు” అన్నారు.

ముప్పై ఎనిమిదో రోజు

గవర్రాజు గారు ఖాళీ చేతులతో వచ్చారు. కబురు ముందే తెలిసినట్టుంది.

“అయితే మేడ రాదు.”

“రాదండి. ఏ వార్డు నుంచీ రాదు. ఎక్కడా గాలి బాగుపడలేదు.”

“మా స్టేషను బడి డాబా మీదుందండి. అక్కడ కళ్ళాపి జల్లే దిక్కులేదు. మా అంకె ముప్పయ్యేళ్ళు నిజం చెప్పింది. నిజం చెప్పినందుకు మాకేటి ఒరిగింది?”

ఈసారి దాక్కోవడానికి నా నోట్లో అచ్చు లేదు.

పైడమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగలేదు.

“మీరేనా పైడమ్మంటే? మీమీద కోపంగా ఉందండి.”

“ఉంటాది నాయనా. నాకూ ఉంది.”

కాసేపటికి తాగారు. గ్లాసు ఇచ్చేస్తూ నన్నడిగారు. “మా నాన్నకి ఏటి చెప్పీమంటారు?”

“ఇన్నాళ్ళూ ఉప్పుటేరు, రాతిపాలెం ఎదురెదురు వరసల్లో ఉన్నాయండి. వీళ్ళకు పోతేనే మీకు. ఇప్పుడు నూట నలభై వార్డులూ ఒకే వరసలో ఉన్నాయి. దిబ్బలు తీయమని అడిగే వరస.”

“వరస పెద్దదైతే బేగి కదుల్తాదేటండి?”

“కదలదు. కానీ కనపడుతుంది.”

ఆయన చెయ్యెత్తి, దగ్గి, చెయ్యి దించలేదు. ఆ చెయ్యితోనే నా భుజం తట్టి వెళ్ళిపోయారు.

నలభయ్యో రోజు

సంతకం పెట్టాను. కాగితం మీద ప్రశ్న ఒక్కటే: గాలి బాగుపడినదా? ‘లేదు’ అనే గడిలో గీత పెట్టాను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ గడి వాడిన మొదటి సాక్షిని నేనేనట. నాకు దండ పడలేదు.

పది గంటలకు మనుషులొచ్చి యంత్రం మరలు విప్పారు. పైడమ్మ పక్కనే నిలబడి, వాళ్ళు ఎత్తేముందు దాని మూతి చీరకొంగుతో తుడిచింది. బండి మలుపు తిరిగింది. స్తంభం మీద సరిచూసేదాకా, పది రోజులపాటు, గోడ మీద పలకలో అంకె ఉండదు. నల్లగా ఉంది.

నేను మంచం మడుస్తుంటే నూకరత్నం పాపను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. అలవాటుగా పలక వంక చూసింది. అక్కడేమీ లేదు. ఎటు చూడాలో తెలియక కాసేపు నిలబడి, చివరికి పైడమ్మను అడిగింది.

“అత్తా, గుంటని అరుగు మీదికి తెచ్చీనా?”

పైడమ్మ దగ్గర పొద్దుటి నీళ్ళు ఇంకా రెండు బకెట్లున్నాయి. వాటి వంక చూడలేదు. వాకిలి దాటి, తడి దాటి, వీధి మధ్యకు వెళ్ళి నిలబడింది. ముఖం పడమటికి తిప్పి, కళ్ళు మూసుకుని, నింపాదిగా గాలి పీల్చింది. రెండోసారి కూడా పీల్చి చూసింది.

“ఈయాల వద్దే. లోపలికి తీసుకుపో.”

నేనూ వెళ్ళి ఆవిడ పక్కన నిలబడి పీల్చాను. సాక్షి ఏకీభవిస్తున్నాడు.